ఎముకకు కప్పు కావాలి

రాత్రి రెండున్నర దాటాక సిస్టర్ వచ్చి మా బావమరిది ఎడమ కాలి మీద సన్నటి సూదితో గుచ్చింది. గాయం మీద కాదు, గాయాన్ని కప్పుతూ కుట్టిన అరచేయంత మాంసం ముక్క మీద. ముందురోజు పొద్దుటి దాకా ఆ ముక్క అతని కుడి తొడలో ఉండేది. రక్తం చుక్క పైకొచ్చింది. టార్చి దగ్గరగా పెట్టి చూసింది. "నల్లగా వస్తోంది" అని తనలో తను అనుకున్నట్టు అని, డ్యూటీ డాక్టరుకు ఫోన్ కలిపింది.

రక్తం వస్తే చాలు కదా, ఎర్రగా ఉంటేనేం, నల్లగా ఉంటేనేం అనుకున్నాను. అందులో ఏముందో తెల్లారేసరికి తెలిసింది. అక్కడికి మళ్ళీ వస్తాను. ముందు అసలు తొడలో మాంసం కాలి మీదికి ఎందుకు వచ్చిందో చెప్పాలి.

బైకు మీద పోతుంటే టిప్పరు వెనక చక్రం అతని ఎడమ కాలి మీంచి పోయింది. చీలమండకు జానెడు పైన రెండు ఎముకలూ విరిగాయి. ముందువైపు చర్మం, దాని కింది కొవ్వు లేచిపోయి ఎముక తెల్లగా బయటపడింది. ఆసుపత్రిలో "ప్లాస్టిక్ సర్జన్ గారు కూడా చూస్తారు" అనగానే మా అత్తగారు కంగారు పడిపోయారు. "కాలు నిలిస్తే చాలు సార్, అందం ఎందుకు మాకు?" అన్నారు. పైగా డాక్టర్లు మాటిమాటికీ "ఫ్లాప్ వేయాలి, ఫ్లాప్ వేయాలి" అంటుంటే సినిమా పోయినట్టు వినపడి టెన్షన్ ఇంకాస్త పెరిగింది. ఆవిడనే అనడమెందుకు, ప్లాస్టిక్ సర్జరీ అంటే ముక్కు, ముఖం, జుట్టు అనే నాకూ గుర్తొచ్చేది. అక్కడ మూడు వారాలు అటెండెంట్‌గా ఉండి, కనిపించిన డాక్టరునల్లా అడిగి, తర్వాత చదువుకుని తెలుసుకున్నది ఇది: ఇలాంటి గాయాల్లో కాలు దక్కుతుందా లేదా అన్నది చాలాసార్లు ఎముక తేల్చదు. ఎముక మీద ఏం కప్పారు, ఎప్పుడు కప్పారు అన్నది తేలుస్తుంది.

మంచం కోడు తగిలితే చుక్కలు కనిపించే చోటు

మోకాలి కింద ముందువైపు ఒకసారి చేత్తో తడిమి చూసుకోండి. చర్మం కిందే ఎముక. మధ్యలో కండ లేదు. చీకట్లో మంచం కోడు తగిలితే చుక్కలు కనిపించేది అందుకే. కండంతా వెనక పిక్కలో ఉంది. ఈ ముందెముక పేరు టిబియా. ఒంటి బరువు మోసేది అదే, రోడ్డు మీద బంపరుకీ, సైలెన్సరుకీ, డివైడరుకీ ఎదురుగా ఉండేదీ అదే. తొడ ఎముక విరిగితే చుట్టూ గుప్పెళ్ళ కొద్దీ కండ కాపు కాస్తుంది. టిబియా విరిగితే దాని మొనే చర్మాన్ని చీల్చుకుని బయటికొస్తుంది.

మన దేశంలో ఇది చిన్న లెక్క కాదు. 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెప్పింది. అందులో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల వాళ్ళు. గాయపడినవాళ్ళు 4,43,366 మంది. హెల్మెట్ తల కాపాడుతుంది గానీ బైకు మీద కాలికి అడ్డం ఏదీ ఉండదు.

ఎముక రాయి లాంటిదని మనం అనుకుంటాం. నిజానికి దానికీ రక్తం కావాలి. టిబియాకు రక్తం రెండు దారుల్లో వస్తుంది. ఒకటి లోపలి నుంచి: పై భాగంలో వెనకవైపు ఒక ధమని ఎముకలోకి దూరి మూలుగ గుండా కిందికి పారుతుంది. రెండోది బయటి నుంచి: ఎముకను అంటుకుని ఉండే పలచటి పొర, దానికి ఆనుకున్న కండలు. ఎముక విరగగానే లోపలి దారి తెగుతుంది. అప్పుడు విరిగిన ముక్కలు బయటి పొర మీద ఆధారపడి బతకాలి. టిప్పరు చక్రం ఆ పొరనీ ఒలిచేస్తే? ఆ ముక్క చచ్చినట్టే. గాలికి ఆరిపోతుంది, సూక్ష్మక్రిములు దాని మీద పాకుడులా పేరుకుంటాయి. యాంటీబయాటిక్ రక్తంలోనే కదా ప్రయాణం చేసేది, రక్తం వెళ్ళని చోటికి అదీ వెళ్ళలేదు. ఏళ్ళ తరబడి చీము కారే కాళ్ళ వెనక ఉండే కథ ఎక్కువగా ఇదే.

డిశ్చార్జి కాగితం మీద "3బి" అని రాసి ఉంటే దాని అర్థం ఇక్కడుంది. అమెరికాలో మినియాపోలిస్ డాక్టర్లు గస్టిలో, ఆండర్సన్ 1976లో ఎముక బయటపడిన గాయాలను మూడు తరగతులు చేశారు. సెంటీమీటరు లోపు చిన్న చిల్లు ఒకటి, అంతకు మించి చీలినది రెండు, బాగా నలిగినది మూడు. మూడోదాంట్లోనే తేడాలు ఎక్కువగా ఉన్నాయని 1984లో దాన్ని మళ్ళీ విడగొట్టారు. ఉన్న చర్మం, కండతోనే ఎముకను కప్పగలిగితే 3ఏ. కప్పలేకపోతే, వేరేచోటి నుంచి తేవాల్సి వస్తే 3బి. కాలికి రక్తం తెచ్చే పెద్ద ధమని తెగి, అది కుట్టకపోతే కాలే పోతుందంటే 3సి. మావాడిది 3బి.

నారు, పాదు, వేరుమట్టి

"తొడ మీద చర్మం తీసి అతికిస్తారట కదా" అన్నాడు పక్క మంచం వాళ్ళ అబ్బాయి. చాలామంది అనుకునేది అదే. అది వేరే పని, దాని పేరు గ్రాఫ్ట్. తొడ మీద మిల్లీమీటరులో మూడో వంతు మందాన చర్మం పొరను చెక్కి, గాయం మీద పరుస్తారు. వరి నారు లాంటిది ఇది. మట్టి దులిపి తెచ్చిన నారు దమ్ము చేసిన మడిలో వేరు పట్టేస్తుంది. బండ మీద నాటితే ఎండిపోతుంది. చర్మం పొరా అంతే. ఎర్రగా రక్తం చెమర్చే కండ మీద వేస్తే మొదటి రెండు రోజులు ఆ చెమ్మ పీల్చుకుని బతికి, తర్వాత కింది నుంచి రక్తనాళాలు ఎక్కించుకుంటుంది. పైపొర కూడా పోయిన ఎముక మీద వేస్తే పట్టదు. రాడ్డు మీద, ప్లేటు మీద అసలు పట్టదు.

అలాంటి చోట తన రక్తం తను తెచ్చుకునే ముక్క కావాలి. అదే ఫ్లాప్. ఇందులో రెండు రకాలున్నాయి. గుమ్మడి పాదు ఒకచోటే ఉంటుంది, తీగను మాత్రం పక్క పందిరి మీదికి మళ్ళిస్తాం. అలా రక్తనాళం మొదలు తెంచకుండా, పక్కనున్న కండనో చర్మాన్నో తిప్పి గాయం మీదికి తేవడం ఒక రకం. మొక్కను వేరుమట్టితో సహా తవ్వి ఇంకో చేలో పెట్టి, అక్కడి పైపు కలిపి నీళ్ళివ్వడం రెండో రకం. దాన్ని ఫ్రీ ఫ్లాప్ అంటారు. ఆ పేరు బిల్లు చూశాక నవ్వు తెప్పిస్తుంది.

మొదటి రకం మన దేశానికి కొత్త కాదు. సుశ్రుత సంహితలో చెంప చర్మంతో ముక్కు కట్టే పద్ధతి ఉంది. 1794లో లండన్ పత్రిక జెంటిల్‌మన్స్ మ్యాగజైన్ ఒక మనిషి బొమ్మ వేసింది. అతను కవాస్‌జీ, ఇంగ్లిషు సైన్యంలో ఎడ్లబండి తోలేవాడు. టిప్పు సుల్తాన్ మనుషులకు చిక్కి ముక్కు పోగొట్టుకున్నాడు. పుణే ప్రాంతంలో అతని నుదుటి చర్మాన్ని మూల తెంచకుండా కిందికి తిప్పి ముక్కు చేశారు. యూరప్ సర్జన్లు ఇది చదివే ఆ విద్య అందుకున్నారు. మూల తెంచకూడదు, తెంచితే నల్లబడుతుంది అన్న ఆ ఒక్క నియమం మీదే ఇప్పటికీ సగం ప్లాస్టిక్ సర్జరీ నడుస్తోంది.

కడగడమే పెద్ద ఆపరేషన్

ఫ్లాప్ సంగతి తర్వాత. దానికి ముందు జరిగేవాటిలోనే ఎక్కువ కాళ్ళు పోతాయి. మావాణ్ణి మొదట తీసుకెళ్ళిన చోట మంచి మనసుతోనే ఒక తప్పు చేశారు. చీలిన చర్మాన్ని దగ్గరికి లాగి బిగించి కుట్టేశారు. చూడ్డానికి గాయం మూసుకుపోయింది, మేమూ సంతోషించాం. లోపల కంకర నుసి, నలిగిన కండ అలాగే ఉండిపోయాయి. వాపు వచ్చాక కుట్లు చర్మాన్ని కోశాయి. మూడో రోజుకు అంచులు నల్లబడ్డాయి, జ్వరం. పెద్ద ఆసుపత్రికి చేరేసరికి నాలుగో రోజు.

ఇలాంటి గాయానికి మొదటి మందు యాంటీబయాటిక్ ఇంజెక్షను. గంటలోపు పడాలని బ్రిటన్‌లో నియమం పెట్టుకున్నారు. తర్వాత కడగడం. కడగడమంటే నీళ్ళు పోయడం అనుకునేవాణ్ణి. డాక్టరు చెప్పాక తెలిసింది, అది కోత. చచ్చిన ప్రతిదాన్నీ తీసెయ్యాలి. కండను పట్టకారుతో గిల్లితే ముడుచుకోవాలి, కోస్తే రక్తం రావాలి, ఎముక అంచును చెక్కితే ఎర్రగా చెమర్చాలి. ఇవేవీ జరగని ముక్క లోపల ఉండటానికి వీల్లేదు. ఎముక ముక్కైనా సరే. "చేతులు రావు సార్, అంత ఎముక తీసి పారేయాలంటే" అని ఒక పీజీ డాక్టరు నాతో అన్నాడు. ఆ మొహమాటమే తర్వాత చీముగా కారుతుందట.

ఆరు గంటల్లోపు కడగాలి అనే మాట మీరూ విని ఉంటారు. అది 1898లో ఫ్రీడ్రిచ్ అనే జర్మన్ సర్జన్ గినీ పందుల మీద చేసిన ప్రయోగం నుంచి వచ్చింది. ఇప్పుడు దాన్ని అంత గట్టిగా పట్టుకోవడం లేదు. బురద, పేడ, మురుగు పడ్డ గాయమైతే వెంటనే. లేకపోతే అర్ధరాత్రి చేయి తిరగని వాళ్ళు హడావిడిగా చేసేకన్నా, పొద్దున్నే అనుభవమున్న వాళ్ళు చేయడం మేలని బ్రిటిష్ మార్గదర్శకాలు 12 గంటలు, 24 గంటలు అని గడువు పెట్టాయి. దేనితో కడగాలి అన్నదాని మీద కూడా పెద్ద పరిశోధనే జరిగింది. రెండు వేల మందికి పైగా రోగులను, మన దేశంలో కొందరితో సహా, పరిశీలించి 2015లో తేల్చింది ఏమిటంటే, మామూలు సెలైన్ చాలు. సబ్బు నీళ్ళతో కడిగిన వాళ్ళకే మళ్ళీ ఆపరేషన్లు ఎక్కువ పడ్డాయి. ఖరీదైన ప్రెషర్ పంపులతో ఒరిగిందేమీ లేదు.

ఇక్కడ పుత్తూరు కట్టు ప్రస్తావన రాక తప్పదు. మా బంధువుల్లో ఇద్దరు దారి మళ్ళించమనే చెప్పారు. చర్మం తెగకుండా లోపల విరిగిన చిన్న ఎముకల విషయంలో ఎవరి నమ్మకం వాళ్ళది, నేను వాదించను. ఎముక బయటికి కనిపించిందా, చర్మం చీలిందా, ఇక ఆ కట్టు వైపు చూడకూడదు. ఆకు పసరు, గుడ్డు సొన, వెదురు బద్దల కింద చచ్చిన కండ మూసి ఉంచితే కాలుతో పోయేది ప్రాణం దాకా వస్తుంది. గాయం మీద పసుపు, కాఫీపొడి అద్దడం కూడా అంతే. వాటిని ఏరడానికే అరగంట పడుతుందని థియేటర్ సిస్టర్ నవ్వుతూ చెప్పింది.

పైన తలుపు, కింద ఎడారి

మోకాలి నుంచి చీలమండ దాకా కాలిని మూడు భాగాలు చేసి చూస్తారు సర్జన్లు. గాయం పై భాగంలో ఉంటే అదృష్టం. పిక్కలో పైకి కనిపించే కండకు రక్తం ఒకే ధమని మీద, అదీ మోకాలి వెనక నుంచి వస్తుంది. కింది కొస కోసి, ఆ ధమనిని బందులా పెట్టుకుని తలుపు తిప్పినట్టు కండను ముందుకు తిప్పేస్తారు. దాని మీద పలచటి చర్మం గ్రాఫ్ట్. నడకకు పెద్ద లోటు రాదు, కింద ఇంకో కండ ఉంది కాబట్టి.

మధ్య భాగానికి ఆ కింది కండే దిక్కు. దాని పేరు సోలియస్. దీనికి రక్తం ఒకచోట నుంచి కాక చిన్న చిన్న కొమ్మలుగా వస్తుంది. కొమ్మలు ఎన్ని తెంచితే అంత దూరం తిరుగుతుంది, ఎన్ని తెంచితే అంత ప్రమాదం. పైగా చక్రం ఎక్కిన కాలిలో ఈ కండ కూడా నలిగి ఉంటుంది.

కింది మూడో వంతు, మావాడి గాయం ఉన్న చోటు, ఎడారి. అక్కడికి వచ్చేసరికి కండలన్నీ స్నాయువులుగా, తాళ్ళుగా మారిపోతాయి. తిప్పడానికి పక్కన ఏమీ ఉండదు. 1981లో స్వీడన్ సర్జన్ పాంటెన్ చర్మాన్ని దాని కింది గట్టి పొరతో కలిపి ఎత్తితే ఎక్కువ పొడవు బతుకుతుందని చూపించాడు. ఆ దారిలోనే వచ్చినవి సూరల్ ఫ్లాప్, పక్క చర్మాన్ని ఫ్యాను రెక్కలా తిప్పే ప్రొపెల్లర్ ఫ్లాప్. పిక్క వెనక చర్మాన్ని కిందికి తిరగేసి మడమ దాకా తేవడం సూరల్. మైక్రోస్కోపు అక్కర్లేదు కాబట్టి మన ఊళ్ళలో బాగా చేస్తారు. షుగరు ఉన్నవాళ్ళలో, పొగ తాగేవాళ్ళలో కొస నల్లబడే భయం ఉంటుంది. ఇంకేదీ కుదరకపోతే పాతకాలపు పద్ధతి ఒకటుంది. మంచి కాలి పిక్క చర్మాన్ని లేపి దెబ్బతిన్న కాలికి కుట్టి, రెండు కాళ్ళనూ మూడు వారాలు కలిపి కట్టేయడం. మేమున్న వార్డులోనే అలా ఒకాయన పడుకుని ఉన్నాడు. పక్కకు తిరగాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఆయన మాత్రం "నాకేం, ఇంకో ఎనిమిది రోజులే" అని లెక్క చెప్పేవాడు.

మావాడి గాయం పెద్దది, చుట్టూ చర్మం కూడా నలిగింది. ఫ్రీ ఫ్లాప్ తప్పదన్నారు.

వెంట్రుక కన్నా సన్నటి దారం

1960 దాకా రెండు మిల్లీమీటర్ల రక్తనాళాన్ని కుట్టడం నమ్మకంగా అయ్యే పని కాదు. ఆ ఏడాది అమెరికాలోని వెర్మాంట్‌లో జాకబ్సన్ ఆపరేషన్ మైక్రోస్కోపు కింద కుట్టి చూపించాడు. 1964లో అమెరికా సర్జన్ బంకీ కుందేలు చెవిని పూర్తిగా కోసి మళ్ళీ అతికించాడు. 1973లో మెల్‌బోర్న్‌లో డేనియల్, టేలర్ అనే సర్జన్లు గజ్జ దగ్గరి చర్మాన్ని రక్తనాళాలతో సహా తీసి, దెబ్బతిన్న కాలి మీద పెట్టి నాళాలు కలిపారు. అంటే ఫ్రీ ఫ్లాప్ చరిత్ర మొదలైంది ఇలాంటి కాలితోనే. రెండేళ్ళకే టేలర్ పక్క ఎముక ఫిబ్యులాను రక్తనాళంతో సహా తీసి టిబియాలో ఖాళీ పూడ్చాడు.

థియేటర్లో ఏం జరుగుతుందో మాకు తర్వాత పీజీ డాక్టరు కాగితం మీద గీసి చెప్పాడు. రెండు టీములు ఒకేసారి పనిచేస్తాయి. ఒకరు కాలిని మళ్ళీ శుభ్రం చేసి, గాయానికి దూరంగా, నలగని చోట ధమనిని, సిరను వెతుకుతారు. గాయం దగ్గరి నాళాలు చూడ్డానికి బాగున్నా వాపుతో పెళుసుగా ఉంటాయట, కుడితే మూసుకుపోతాయి. రెండో టీము తొడ బయటివైపు చర్మాన్ని, కొవ్వును లేపుతుంది. దానికి రక్తం కండ మధ్యలోంచి దారపు పోగంత నాళం మీద వస్తుంది. ఆ పోగును కండలోంచి విడదీయడానికే గంటకు పైగా. అన్నీ సిద్ధమయ్యాక నాళాన్ని తెంచుతారు. ఆ క్షణం నుంచి ఆ ముక్క ఎవరిదీ కాదు, గడియారం మొదలవుతుంది. మైక్రోస్కోపు కింద, వెంట్రుక కన్నా సన్నగా ఉండే నైలాన్ దారంతో ధమనికి ఎనిమిదో పదో కుట్లు. తర్వాత సిరలు. బిగింపులు వదలగానే తెల్లగా ఉన్న ముక్క అంచుల నుంచి గులాబీ రంగు పాకుతుంది. ఎన్నిసార్లు చూసినా అప్పుడు మాత్రం థియేటర్లో ఎవరూ మాట్లాడరని చెప్పాడు. మావాడికి మొత్తం ఏడున్నర గంటలు పట్టింది.

ఎప్పుడు కప్పాలి అన్న ప్రశ్న దగ్గర స్లొవేనియా సర్జన్ మార్కో గొదీనా పేరు చెప్పుకోవాలి. ల్యూబ్ల్యానా ఆసుపత్రిలో తాను చేసిన 532 మంది లెక్క తీశాడు. 72 గంటల్లోపు కప్పిన వాళ్ళలో ఫ్లాప్ పోయింది నూటికి ఒకరికన్నా తక్కువ, 0.75 శాతం. మూడు రోజుల నుంచి మూడు నెలల మధ్య కప్పిన వాళ్ళలో 12 శాతం. ఇన్ఫెక్షన్ 1.5 శాతం ఎక్కడ, 17.5 శాతం ఎక్కడ. ఆ పేపరు 1986లో అచ్చయింది. అదే ఏడాది గొదీనా కారు ప్రమాదంలోనే చనిపోయాడు. ఆ అంకెల్ని వేదంలా చూడాల్సిన పనిలేదు. ఎవరికి ముందు కప్పాలి, ఎవరికి తర్వాత అని చీట్లు వేసి పంచిన రోగులు కారు, ఒకే సర్జన్ చేతి అనుభవం అది. కానీ తొందరగా శుభ్రం చేసి తొందరగా కప్పు అన్న మాట అప్పటి నుంచి ఎవరూ తోసేయలేదు. బ్రిటన్ ఇప్పటికీ 72 గంటల గడువే పెట్టుకుంది.

మరి మనకు ఆలస్యం ఎక్కడ అవుతోంది? ఎముకల డాక్టరు ఒకచోట, ప్లాస్టిక్ సర్జన్ ఇంకోచోట ఉండటంలో. ముందు రాడ్లు వేసి, గాయం మానకపోతే రెండు వారాలకు "ఎందుకైనా మంచిది, ప్లాస్టిక్ సర్జన్‌కు చూపించండి" అని చీటీ రాయడంలో. మొదటి రోజే ఇద్దరూ కలిసి కాలు చూడాలి. ఎముక నిలిపే రాడ్ ఎటు నుంచి వస్తుందో తెలియకుండా ఫ్లాప్ ఎటు నుంచి తిప్పాలో చెప్పలేరు. ఈ జంట పద్ధతికి కోయంబత్తూరులోని గంగా ఆసుపత్రి దేశంలోనే పేరు మోసింది. హైదరాబాదులో నిమ్స్, ఉస్మానియాల్లో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి. జిల్లాల్లోనే ఇప్పటికీ కొరత.

నల్ల రక్తం

ఇప్పుడు ఆ రాత్రికి. ముక్కలోకి ధమని రక్తం తెస్తుంది, సిర తీసుకుపోతుంది. ధమని మూసుకుపోతే ముక్క పాలిపోయి చల్లబడుతుంది, గుచ్చినా రక్తం రాదు. సిర మూసుకుపోతే వచ్చిన రక్తం పోయే దారి లేక ముక్క ఉబ్బి నీలంగా మారుతుంది, గుచ్చితే నల్లటి రక్తం గబగబా వస్తుంది. రెండోదే ఎక్కువగా జరుగుతుంది. అందుకే మొదటి రెండు రోజులు గంట గంటకూ రంగు, వేడి, వేలితో నొక్కితే తెల్లబడి మళ్ళీ ఎర్రబడే వేగం చూస్తారు. నాళాలు ముడుచుకోకూడదని ఏసీ ఆపేసి గది వెచ్చగా ఉంచుతారు, కాఫీ, సిగరెట్ వద్దంటారు.

డాక్టరు పది నిమిషాల్లో వచ్చాడు. ముందు రెండు కుట్లు వదులు చేసి చూశాడు, రంగు మారలేదు. మూడున్నరకు మళ్ళీ థియేటరు. సిరలో కందిగింజంత గడ్డ. తీసి, కడిగి, మళ్ళీ కుట్టారు. ఆరున్నరకు బయటికొచ్చి "టైముకు పట్టుకున్నారు" అన్నాడు. పట్టుకున్నది సూది పట్టుకున్న సిస్టరు. ఇలాంటి ఆపరేషన్ ఎక్కడ చేయించాలా అని ఎవరైనా నన్నడిగితే, మైక్రోస్కోపు ఏ కంపెనీదని కాదు, రాత్రి రెండున్నరకు ఆ ముక్కను ఎవరు చూస్తారని కనుక్కోమంటాను.

కాలు ఉంచాలా, తీసేయాలా

అన్ని కాళ్ళూ నిలపకూడదు కూడా. ఈ మాట వినడానికి కష్టంగా ఉంటుంది. అమెరికాలో ఎనిమిది పెద్ద ట్రామా సెంటర్లలో 569 మందిని రెండేళ్ళు గమనించి 2002లో ఫలితాలు వేశారు. కాలు నిలిపిన వాళ్ళకూ, తీసేసిన వాళ్ళకూ జీవితంలో ఇబ్బంది దాదాపు ఒకటే. రెండేళ్ళకు పనికి తిరిగి వెళ్ళింది రెండు వైపులా సగం మందే. నిలిపిన వాళ్ళు మళ్ళీ ఆసుపత్రిలో చేరడం మాత్రం ఎక్కువ. ఫలితాన్ని మార్చినవి చదువు, డబ్బు, తోడు ఉండే మనుషులు, పొగ తాగడం.

అమెరికా లెక్క మనకు అచ్చంగా సరిపోదు. నేల మీద కూర్చునేవాడికి, బురదలో దిగే రైతుకు, మూడేళ్ళకోసారి కొత్త కృత్రిమ కాలు కొనలేనివాడికి సొంత పాదం విలువ వేరు. జైపూర్ కాలు చవకే, గట్టిదే, దానితో పొలం దున్నేవాళ్ళు ఉన్నారు. అయినా ఇంట్లో "కాలు తీసేయండి" అని ఎవరు సంతకం పెడతారు? గంగా ఆసుపత్రి డాక్టర్లు 2006లో ఇందుకే ఒక స్కోరు ప్రచురించారు. చర్మానికి, ఎముకకు, కండా నరాలూ కలిపి ఒకటిగా, మూడింటికీ విడివిడిగా మార్కులు, షుగరు, వయసు, బీపీ పడిపోవడం లాంటివాటికి అదనం. 14 దాకా నిలపొచ్చు, 17, ఆపైన తీసేయడం మేలు, మధ్యలో 15, 16 వస్తే కూర్చుని ఆలోచించాలి. మావాడికి 11 వచ్చింది. ఆ ఒక్క అంకె విన్నాకే మా అత్తగారు ఆ పూట అన్నం తిన్నారు.

ఫ్లాప్ బతికితే కథ అయిపోయిందనుకోవద్దు. ఎముక ముక్కలు తీసేసిన చోట ఖాళీ ఉంటుంది. చిన్నదైతే తుంటి ఎముక పొడి నింపుతారు. కొంచెం పెద్దదైతే ముందు ఎముకల ఆపరేషన్లలో వాడే సిమెంటు ముద్ద పెట్టి, దాని చుట్టూ ఒంట్లోనే ఒక పొర కట్టుకునేదాకా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి, సిమెంటు తీసి అందులో ఎముక నింపుతారు. ఇంకా పెద్దదైతే కాలి చుట్టూ బయటి నుంచి బిగించే రష్యా డాక్టరు ఇలిజరోవ్ చక్రాలు, రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున ఎముకను జరపడం. ఐదు సెంటీమీటర్లు జరపడానికే యాభై రోజులు, అది గట్టిపడటానికి ఇంకా నెలలు.

వ్యాక్ మిషను గురించి కూడా ఒక మాట. స్పాంజి పెట్టి గాయం మీంచి నీరు లాగే ఆ మిషను ఫ్లాప్ పడేలోపు కాపలాకు పనికొస్తుంది. దాన్నే వైద్యమనుకుని వారాలు నెట్టుకురావడం తప్పు. బ్రిటన్‌లో 460 మంది మీద 2018లో వచ్చిన పరిశోధనలో మామూలు కట్టుకూ దానికీ ఏడాది తర్వాత ఇబ్బందిలో తేడా కనపడలేదు.

డబ్బు సంగతి సూటిగా చెబుతాను. 2025 మేలో వచ్చిన కేంద్ర పథకంలో రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల దాకా, లక్షన్నర వరకు నగదు లేకుండా వైద్యం అందాలి. ఆలస్యంగా చేరిన వాళ్ళకు ఫ్లాప్ పడేది తరచూ ఆ ఏడు రోజుల తర్వాతే. ఆపైన ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ కిందికి ఏది వస్తుందో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను మొదటి రోజే అడిగి పెట్టుకోవాలి. ఎముకకు ఒక ప్యాకేజీ, ఫ్లాప్‌కు ఇంకోటి అని విడిగా చూస్తారు. బీడీ, సిగరెట్ మానడానికి మాత్రం ఖర్చేమీ లేదు. పైన చెప్పిన అమెరికా రోగుల్లోనే పొగ తాగేవాళ్ళకు ఎముక అతకడం తగ్గింది, ఇన్ఫెక్షన్ రెండు రెట్లు దాటింది. ఫ్లాప్ పడ్డ మూడో రోజు మావాడు బాత్రూములో సిగరెట్ వెలిగించి దొరికిపోయినప్పుడు సిస్టర్ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

ఏడో రోజు కాలు మంచం మీంచి కిందికి వేలాడదీశారు, ఐదు నిమిషాలే. చూస్తుండగానే ముక్క ఊదారంగుకు తిరిగింది. మా అత్తగారు కళ్ళు మూసుకున్నారు. ఫిజియో అబ్బాయి వాచీ చూస్తూ "మామూలే అమ్మా, అలవాటు పడాలి" అన్నాడు. మర్నాడు పది నిమిషాలు.

ఎముక అతకడానికి పదకొండు నెలలు పట్టింది. ఇప్పుడు కొద్దిగా కుంటుతూ నడుస్తాడు, బండి నడుపుతాడు. ఆ ముక్క మీద తొడ వెంట్రుకలే మొలుస్తాయి. స్పర్శ లేదు, మంచం కోడు తగిలినా చుక్కలు కనిపించవు, అందుకని రోజూ చూసుకోమన్నారు. తొడ కొవ్వు కాలి మీదికి వచ్చినా తన బుద్ధి మానదు. ఇతను ఇంట్లో కూర్చుని ఎనిమిది కిలోలు పెరిగితే ఆ ముక్కా లావెక్కింది. మొన్న ఫోన్ చేశాడు. "జీన్స్ పట్టట్లేదు బావా. డాక్టరు లోపలి కొవ్వు తీసి పలచన చేస్తానంటున్నాడు. ఈసారి నిజంగానే అందానికి చేయించుకుంటున్నానని అమ్మకు నువ్వే చెప్పాలి."